లాస్ట్ బట్ నాట్ లీస్ట్ గారికి మైకు సెట్టు వాడు రాయునది

అయ్యా,

ఉభయకుశలోపరి. స్కూలు వార్షికోత్సవమైనా, సన్మానసభైనా, రాత్రి పదింటికి వందన సమర్పణలో తమరు దిగుతారు. తమరు దిగారంటే తర్వాత నా పేరే. "లాస్ట్ బట్ నాట్ లీస్ట్... మన మైకు సెట్టు..." అనేసరికి సగం కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చేసి ఉంటాయి. మిగతా జనం భోజనాల దగ్గర ఉంటారు. ముఖ్య అతిథికి శాలువా, దండ, మెమెంటో. నాకు తమరు. బాకీ డబ్బులు రేపు.

చివర్న చెప్తున్నాం గానీ తక్కువవాడు కాదు అని తమ అర్థమట. సరే, తక్కువని ఎవరన్నారు? "మావాడు దొంగ కాదండీ" అని అడక్కుండానే చెప్తే జేబు తడుముకోమూ? మొన్నొకాయన ఒకే ఉపన్యాసంలో తమర్ని మూడుసార్లు పిలిచాడు. చివర ఎన్నిసార్లొస్తుందండీ? ఇంకొకాయన "లాస్ట్ బట్ నాట్ ద లిస్ట్" అన్నాడు. నా మట్టుకు అదే నిజం, లిస్టులో నేను లేను.

ఆటో కోసం ఆగిన ఇంగ్లీషు మాస్టారొకరు తమ జాతకం విప్పారు. 1580లోనే జాన్ లిలీ అనే ఇంగ్లీషు రచయిత రాతల్లో ఉన్నారట. తర్వాత షేక్‌స్పియర్ పంచన చేరారట. అక్కడ 'జూలియస్ సీజర్' నాటకంలో, సీజర్‌ని చంపినవాళ్ల నెత్తుటి చేతులు వరసగా పట్టుకుంటూ వచ్చిన సీజర్ స్నేహితుడు ఆంటొనీ, ఆఖర్న ట్రెబోనియస్‌తో "చివరివాడివే గానీ ప్రేమలో తక్కువ కాదు" అన్నాడట. పొడిచే వేళకి ఆంటొనీని పక్కకి తప్పించినవాడు ఆ ట్రెబోనియసే! వెటకారం తమకి అప్పటి అలవాటన్నమాట. షేక్‌స్పియర్‌దే 'కింగ్ లియర్' నాటకం, దాని 1608 నాటి అచ్చులో లియర్ రాజు కూడా కడగొట్టు కూతుర్ని ఇదే మాటతో ముద్దు చేశాడు. కాసేపటికే సెంటు భూమి ఇవ్వకుండా గెంటేశాడు. తమరు తగిలినవాళ్ల గతి ఇదని నాకు ముందే తెలిస్తే టెంటు హౌసు పెట్టుకునేవాణ్ణి. (వాళ్లనీ తమరే పిలుస్తారనుకోండి.)

మా విస్తట్లో పెరుగన్నం చివర్నే వస్తుంది. అది తక్కువది కాదని ఎవరూ మైకులో చెప్పరు. తినకుండా మాత్రం లేవరు.

శనివారం ఇంకో సన్మానం ఉంది. డబ్బులు ముందే చేతిలో పెట్టించండి. లేదంటే, సరిగ్గా తమరొచ్చే వేళకి మైకు కుయ్యిమంటే నా పూచీ లేదు.

ఇట్లు,
వైర్లు చుట్టుకుంటూ,
మైకు సెట్టు వాడు