కాంగోలో గని ముందు పుట్టింది, దేశం తర్వాత

ప్రపంచంలో తవ్వితీసే కోబాల్టులో 70 శాతానికి పైగా ఒక్క దేశం నుంచే వస్తోంది. అది కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లోకి వెళ్లే ఖనిజం ఇది. దీనికి తోడు రాగి, బంగారం, వజ్రాలు, తగరం, ఎలక్ట్రానిక్స్‌లో వాడే కోల్టాన్ కూడా అక్కడ ఉన్నాయి. హిరోషిమా మీద వేసిన బాంబులోని యురేనియంలో ఎక్కువ భాగం కాంగోలోని షింకొలోబ్వే గనిదే. ఇంత సంపద ఉన్న నేల మీద పది కోట్లకు పైగా జనం ఉంటే, ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం వాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా కటిక పేదరికంలో ఉన్నారు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టగానే 'ఖనిజాల శాపం' అనేసి ఊరుకోవడం అలవాటైపోయింది. నాకు ఈ వివరణతో పేచీ ఉంది. శాపం అనేస్తే ఎవరు ఏం చేశారో అడగాల్సిన పని ఉండదు. కాంగో చరిత్రలో చేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల సంతకాలూ ఉన్నాయి. అక్కడి ప్రభుత్వాలు జనం కట్టే పన్నుల మీద, జనం సమ్మతి మీద నిలబడలేదు. గనుల మీద వచ్చే డబ్బు, ఆ గనులు కావాలనుకున్న విదేశాల అండ, ఈ రెండే వాటిని నిలబెట్టాయి. కాబట్టి పాలకుడికి జనంతో అవసరం పడలేదు. మిగతా కష్టాలన్నీ చాలావరకు ఇందులోంచే వచ్చాయని నా అభిప్రాయం.

మొదలే అలా జరిగింది. 1885 నుంచి 1908 దాకా కాంగో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. అడవి రబ్బరు తేవాలని ఊరూరికీ కోటా పెట్టారు. తేలేకపోతే చేతులు నరికారు. గొడవ ప్రపంచానికి తెలిసిపోయాక 1908లో బెల్జియం ప్రభుత్వం దాన్ని తన వలసగా మార్చుకుంది. క్రూరత్వం తగ్గింది, ఉద్దేశం మారలేదు. దక్షిణాన కటంగా ప్రాంతంలోని రాగి గనుల చుట్టూ రైళ్లు, కార్మికుల కాలనీలు, ఆస్పత్రులు కట్టారు. కానీ 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి కాంగో వాళ్లలో యూనివర్సిటీ పట్టా ఉన్నవాళ్లు ఇరవై మంది కూడా లేరు. సైన్యంలో ఒక్క ఆఫీసరు కూడా నల్లవాడు కాదు. దేశం నడిపే మనుషులు తయారు కాకూడదనే అలా చేశారు.

1960 జూన్ 30న అధికార మార్పిడి సభలో అప్పటి బెల్జియం రాజు బోదువాన్, తన పూర్వీకుడు లియోపోల్డ్ మేధస్సును పొగిడాడు. ఆ తర్వాత, కార్యక్రమంలో పేరు లేకపోయినా, ప్రధాని పాట్రిస్ లుముంబా లేచి మాట్లాడారు. నల్లవాళ్లమైన పాపానికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అవమానాలు, దెబ్బలు భరించామని, నల్లవాణ్ని 'నువ్వు' అనే పిలిచేవారని, 'మీరు' అనే మర్యాద తెల్లవాళ్లకే దక్కేదని రాజు ఎదుటే గుర్తుచేశారు. అయిదు రోజుల తర్వాత సైన్యాధిపతి జనరల్ జాన్సెన్స్, బెల్జియన్, తన సైనికులను సమావేశపరిచి బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో 'స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తర్వాత' అని రాశాడు. ప్రమోషన్లు రావు, తెల్ల ఆఫీసర్లే ఉంటారు అని దానర్థం. సైన్యం అప్పటికప్పుడు తిరగబడింది. అప్పటికి కొత్త దేశానికి వారం కూడా నిండలేదు.

జూలై 11న కటంగా ప్రాంతం విడిపోతున్నట్టు అక్కడి నాయకుడు మోయిజ్ చోంబే ప్రకటించాడు. దీన్ని తెగల గొడవగా చెప్పేవాళ్లు ఒక్క విషయం చూడాలి. అక్కడి గనులన్నీ యూనియన్ మినియేర్ అనే బెల్జియం కంపెనీవి. ఆ కంపెనీ పన్నులు రాజధానికి కాకుండా చోంబేకి కట్టడం మొదలుపెట్టింది. బెల్జియం ఆఫీసర్లు చోంబే సైన్యాన్ని నడిపారు. కొద్ది వారాల్లోనే వజ్రాలున్న దక్షిణ కాసాయ్ కూడా విడిపోయింది. ఆదాయం వచ్చే రెండు చోట్లూ పోయాక, ఖాళీ ఖజానాతో, తిరగబడ్డ సైన్యంతో లుముంబా ఏ దేశాన్ని నడపాలి? ఐక్యరాజ్యసమితిని సాయం అడిగారు. కటంగాను దారికి తేవడానికి సమితి సేన ముందుకు రాకపోతే సోవియట్ యూనియన్ సాయం అడిగారు. దాంతో అమెరికా దృష్టిలో ఆయన శత్రువైపోయారు. ఆయన్ను చంపేందుకు సీఐఏ విషం పంపిన సంగతి తర్వాత 1975లో అమెరికా సెనేట్ విచారణలోనే బయటపడింది.

ఆ విషం వాడాల్సిన అవసరం రాలేదు. సెప్టెంబర్‌లో అధ్యక్షుడు కసవూబు ఆయన్ను పదవి నుంచి తీసేశాడు. తొమ్మిది రోజులకు సైన్యంలోని జోసెఫ్ మొబుటు అధికారం పట్టుకున్నాడు. 1961 జనవరి 17న లుముంబాను, ఆయన సహచరులు ఎంపోలో, ఒకితోలను కటంగాకు పట్టుకెళ్లి బెల్జియం ఆఫీసర్ల సమక్షంలో కాల్చి చంపారు. తర్వాత ఒక బెల్జియన్ పోలీసు అధికారి శవాలను ముక్కలు చేసి యాసిడ్‌లో కరిగించాడు. లుముంబా దంతం ఒకటి దాచుకున్నాడు. ఆ దంతాన్ని బెల్జియం 2022 జూన్‌లో కుటుంబానికి తిరిగి ఇచ్చింది. పార్లమెంటు కమిషన్ వేసి, తమకు నైతిక బాధ్యత ఉందని ఒప్పుకోవడానికే ఆ దేశానికి నలభై ఏళ్లు పట్టింది.

ఈ కథలో మన దేశమూ ఉంది. కాంగోలో ఐక్యరాజ్యసమితి కార్యకలాపాలకు కొంతకాలం రాజేశ్వర్ దయాళ్ నాయకత్వం వహించారు. నెహ్రూ పంపిన దళంలో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా 1961 డిసెంబర్ 5న కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో కటంగా బలగాలతో పోరాడుతూ ప్రాణాలిచ్చారు. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. 1963 జనవరిలో కటంగా మళ్లీ కాంగోలో కలిసింది. కానీ దేశాన్ని కలిపిన ఫలితం అందుకున్నది 1965 నవంబర్‌లో రెండోసారి కుట్ర చేసి గద్దెనెక్కిన మొబుటు.

మొబుటు 32 ఏళ్ల పాలన గురించి అందరికీ తెలిసినది దోపిడీ. సొంతూరు బాడోలిటేలో పాలరాతి భవంతులు, కాంకార్డ్ విమానం దిగేంత రన్‌వే. అయితే మొదట్లో ఆయన యూనియన్ మినియేర్‌ను జాతీయం చేసి జెకామిన్ అనే ప్రభుత్వ సంస్థగా మార్చినప్పుడు జనం నిజంగానే సంతోషించారు. గని చేతికొచ్చింది, ఆదాయం మాత్రం అధ్యక్షుడి ఇంటికి పోయింది. 1970ల మధ్యలో రాగి ధర పడిపోయాక అప్పులు తెచ్చాడు. అమెరికా, ఫ్రాన్స్, బెల్జియం ఇస్తూనే ఉన్నాయి, ఎందుకంటే కమ్యూనిజానికి ఆయన అడ్డుగోడ. జీతాలు రాని టీచరు, నర్సు, పోలీసు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. కాంగోలో దీన్ని 'ఆర్టికల్ 15' అంటారు. రాజ్యాంగంలో లేని అధికరణం అది, 'నీ తిప్పలు నువ్వు పడు' అని దానర్థం.

బయటివాళ్లు రాసే కాంగో కథలో తరచూ కనిపించని అధ్యాయం ఒకటుంది. నా లెక్కలో అదే అన్నిటికంటే ముఖ్యమైనది. కోల్డ్ వార్ ముగిసి మొబుటుకు బయటి అండ తగ్గాక, జనం ఒత్తిడితో 1991 ఆగస్టులో జాతీయ సర్వసత్తాక సభ మొదలైంది. దేశం నలుమూలల నుంచి రెండు వేల ఎనిమిది వందల మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. ఆర్చ్‌బిషప్ మోన్సెంగ్వో అధ్యక్షత వహించారు. ముప్పై ఏళ్ల హత్యలు, దొంగతనాలు అక్కడ బహిరంగంగా చర్చకు వచ్చాయి. 1992 జనవరిలో ప్రభుత్వం సభను ఆపేస్తే, ఫిబ్రవరి 16న చర్చిల నుంచి జనం ప్రార్థనలు చేస్తూ రాజధాని కిన్షాసా వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్పులు జరిపింది. అయినా సభ మళ్లీ మొదలైంది, ఆగస్టులో ప్రతిపక్ష నేత ఎతియెన్ చిసెకెడిని ప్రధానిగా ఎన్నుకుంది.

మొబుటు దీన్ని ఒప్పుకోలేదు. సైనికుల జీతాల కోసం 50 లక్షల జైర్ (అప్పటి కాంగో కరెన్సీ) నోటు అచ్చేయించాడు. అది చెల్లదని చిసెకెడి ప్రకటించారు. 1993 జనవరిలో సైనికులు ఆ నోటు పట్టుకుని బజారుకు వెళ్తే కొట్టువాళ్లు తీసుకోలేదు. సైనికులు రాజధానిని కొల్లగొట్టారు. కాసాయ్ ప్రాంతమైతే కొత్త నోటును అసలు రానివ్వకుండా పాత నోట్లతోనే ఏళ్ల తరబడి వ్యాపారం చేసుకుంది. కాంగో వాళ్లకు ప్రజాస్వామ్యం వంటబట్టదని తేలిగ్గా తీర్పులిచ్చేవాళ్లు ఈ సంగతి చదవాలి. జనం చేతనైనంతా చేశారు. వజ్రాల డబ్బు, తుపాకీ మాత్రం మొబుటు చేతిలోనే ఉన్నాయి.

చివరికి ఆయన్ను దించింది ఆ జనం కాదు. రువాండా, ఉగాండా సైన్యాల దన్నుతో వచ్చిన తిరుగుబాటు నాయకుడు లారెంట్ కబీలా 1997 మేలో కిన్షాసా చేరాడు. రాజధాని పట్టుకోకముందే విదేశీ మైనింగ్ కంపెనీలు ఆయనతో ఒప్పందాలు రాయించుకున్నాయి. గద్దెనెక్కక ముందే గని సంతకాలైపోయాయి. 1998 నుంచి 2003 దాకా తొమ్మిది ఆఫ్రికా దేశాలు దిగిన యుద్ధం, ఆకలి, రోగాలతో లక్షల చావులు, కబీలా హత్య, ఆయన కొడుకు జోసెఫ్ పాలన, 2018లో చర్చి పరిశీలకుల లెక్కకు పొంతన లేని ఎన్నికల ఫలితం, ఎతియెన్ కొడుకు ఫెలిక్స్ చిసెకెడి అధ్యక్షుడు కావడం, అన్నీ ఆ బాట మీదే నడిచాయి.

ఇప్పుడు కోబాల్టు రాజధాని కోల్వెజి. ఆ ఊళ్లో కసూలో అనే బస్తీలో 2014లో ఇంటి నేల కింద ఖనిజం ఉందని తెలిశాక, జనం ఇళ్ల లోపలే గోతులు తవ్వారు. పెద్ద గనులు చాలావరకు చైనా కంపెనీల చేతిలో ఉన్నాయి. చేత్తో తవ్వేవాళ్లు రాయిని బస్తాల్లో నింపి రోడ్డు పక్క డిపోలకు తెస్తారు. అక్కడ కొనేవాడు తుపాకీలాంటి చిన్న మెషీన్ రాయి మీద పెట్టి కోబాల్టు శాతం చెబుతాడు. రేటు దాన్నిబట్టే. మెషీన్ తక్కువ చూపిస్తోందని తవ్వినవాళ్లు మొత్తుకుంటారు. ఆదిలాబాద్, వరంగల్ మార్కెట్లలో తేమ మీటర్ చూపించి పత్తి ధర కోస్తుంటే రైతు నిలబడే తీరు తెలిసినవాళ్లకు ఈ దృశ్యం వేరే వివరించనక్కర్లేదు. మెషీన్ కొనేవాడిది, తూకం కొనేవాడిది, గోతిలో కూలిపోతే ప్రాణం మాత్రం తవ్వేవాడిది.

ఖనిజాలున్న ప్రతి దేశమూ ఇలాగే అవుతుందా? బోట్స్వానాను చూడండి. 1966లో స్వాతంత్ర్యం, 1967లో ఒరాపాలో వజ్రాలు. అంటే ప్రభుత్వం ముందు, గని తర్వాత. నాయకుణ్ని జనం ముఖంమీదే నిలదీసే గోట్లా సభలు అక్కడ అప్పటికే ఉన్నాయి. వజ్రాలు దొరికిన నేల అధ్యక్షుడు సెరెత్సే ఖామా సొంత తెగది. అయినా ఆయన ఖనిజాల హక్కును మొత్తం దేశానికి రాసిచ్చారు. బోట్స్వానా చిన్న దేశం, జనం తక్కువ, దానికీ అసమానతలున్నాయి. కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టలేం. కానీ ఏది ముందు వచ్చిందన్న తేడా కళ్లకు కడుతుంది.

2025 జనవరిలో రువాండా దన్నున్న ఎం23 తిరుగుబాటుదారులు తూర్పు నగరం గోమాను, ఫిబ్రవరిలో బుకావును పట్టుకున్నారు. కోల్టాన్‌కు పేరుపడ్డ రుబాయా గనులు అంతకు ముందు ఏడాదే వాళ్ల చేతికి వచ్చాయి. జూన్‌లో అమెరికా మధ్యవర్తిత్వంతో కాంగో, రువాండా శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాంతోపాటే అమెరికా కంపెనీలకు ఖనిజాల దారి తెరుచుకునే మాటలూ నడిచాయి. భద్రత కావాలి, అందుకు గని ఇస్తాం. ఫెలిక్స్ చిసెకెడి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయిన పరిస్థితిలో ఏ అధ్యక్షుడైనా అండ కోసం వెతుకుతాడు. కానీ ఇది మొబుటు చేసిన బేరమే. బయటి దేశం అండ ఇచ్చినంత కాలం లోపలి జనానికి జవాబు చెప్పక్కర్లేదు. ఆ దేశానికి అవసరం తీరిపోతే అండా పోతుంది.

అదే ఏడాది కాంగో కోబాల్టు ఎగుమతులు ఆపి, తర్వాత కోటాలు పెట్టింది. పడిపోయిన ధర పైకి లేచింది. బలం తన చేతిలో ఉందని ఆ ప్రభుత్వానికి తెలుసు, వాడుకోవడమూ వచ్చు. 2018 మైనింగ్ చట్టం కూడా కంపెనీల వ్యతిరేకతను లెక్కచేయకుండా కోబాల్టు మీద కంపెనీలు ప్రభుత్వానికి కట్టే రాయల్టీని 10 శాతానికి పెంచింది. ఆ రాయల్టీలో సగం కేంద్రానికి, 25 శాతం ప్రావిన్సుకు, 10 శాతం భవిష్యత్ తరాల నిధికి, 15 శాతం గని ఉన్న స్థానిక సంస్థకు పోవాలి. కాంగోలో ఏది మారుతోందో చూడాలనుకుంటే నేను వాషింగ్టన్ ఒప్పందాల కంటే ఆ 15 శాతం వైపే చూస్తాను. గని ఆదాయంలో ఊరి జనం నేరుగా లెక్క అడగగలిగింది అదొక్కటే. ఆ డబ్బు ఖర్చు పెట్టేవాళ్లను జనం ఎన్నుకోవాలి కదా. స్థానిక కౌన్సిళ్లకు ఈ శతాబ్దంలో మొదటిసారి ఓటింగ్ జరిగింది 2023 డిసెంబర్‌లో. అదీ కొన్ని చోట్లే.