చార్మినార్ ఫొటోలకు ఢోకా లేదు, మల్కాజిగిరి మాటేమిటి?

పాత హైదరాబాద్ ఫొటోలంటే వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చేవి ఓ పాతిక ఉంటాయి. చార్మినార్ ముందు ఎడ్లబండి, 1908 మూసీ వరదకు కూలిన ఇళ్లు, ఆరో నిజాం వేటాడిన పులులు. వాటికొచ్చిన ముప్పేమీ లేదు. ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 దాకా 1989లోనే ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. వరద ఫొటోలు ఎన్నిసార్లు అచ్చయ్యాయో లెక్కే లేదు. రాజుగారి కోసం తీసినవాటిని దాచిపెట్టేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. నా బెంగంతా మిగతా ఊళ్ల గురించి.

2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీ ఏర్పడినప్పుడు 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు నగరంలో కలిసిపోయాయి. మల్కాజిగిరి, అల్వాల్, కాప్రా, ఉప్పల్ కలాన్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, రాజేంద్రనగర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు... ఇవాళ మెట్రో స్టేషన్ల పేర్లుగానో, బస్సు బోర్డుల మీది పేర్లుగానో మిగిలినవన్నీ ఒకప్పుడు ఎవరి అంగడి, ఎవరి జాతర, ఎవరి చెరువు వాళ్లకున్న ఊళ్లు. పటాన్‌చెరుకు 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ వచ్చింది. అలాంటి సంస్థల ప్రారంభోత్సవాల ఫొటోలు ఏదో ఒక ఫైల్లో భద్రంగానే ఉంటాయి. కానీ ఆ రోజుల్లో గేటు బయట అంగడి ఎట్లా ఉండేదో చూడాలంటే జనం ఇళ్లకే వెళ్లాలి. పెళ్లి ఆల్బమ్, బడి గ్రూప్ ఫొటో, పండుగకొచ్చిన చుట్టం తన కెమెరాతో తీసిపెట్టిన నాలుగు ఫొటోలు. ఊరి చరిత్ర ఉన్నది వాటిలోనే.

బతుకమ్మ ఫొటోనే తీసుకోండి. ముందు వరసలో తంగేడు, గునుగు పేర్చిన తాంబాళాలు. వాటి వెనక పట్టుచీరల్లో ఆడవాళ్లు, కళ్లు చిట్లించుకుని నిలబడ్డ పిల్లలు. వాళ్ల వెనక చెరువు కట్ట, తూము రాళ్లు, రెండు తాటిచెట్లు, అంతా నీళ్లు. తీసినవాళ్ల ధ్యాసంతా మనుషుల మీదే ఉన్నా చెరువు కూడా ఫొటోలో పడింది. పైగా సద్దుల బతుకమ్మ ఏటా వానాకాలం చివర్లోనే వస్తుంది, చెరువు నిండుగా ఉండే రోజుల్లో. కాబట్టి ఒకే కట్ట మీద 1975లో దిగిన ఫొటోనూ 1990లో దిగిన ఫొటోనూ పక్కపక్కన పెట్టి నీళ్లు ఎంత వెనక్కి పోయాయో చూస్తే ఆ పోలికకు అర్థముంటుంది. ఎండాకాలపు ఫొటోనూ వానాకాలపు ఫొటోనూ పోల్చినట్టు కాదు.

2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చినప్పటి నుంచీ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) ఎక్కడిదాకా, దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ ఎక్కడిదాకా అని నగరమంతా పంచాయితీలే. ఎవరికి వాళ్లు గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తెరిచి చూపిస్తున్నారు. ఇళ్లు గుర్తుపట్టగలిగేంత స్పష్టమైన ఉపగ్రహ చిత్రాలు అందులో 2000కు అటూ ఇటూగానే మొదలవుతాయి. అంతకు ముందు మాయమైన నీళ్లకు సాక్ష్యం ఏది? ఒక్క ఫొటోతో హద్దు తేలదు, తేలాలని నేను అనను కూడా. దానికి రెవెన్యూ నక్షా ఉండాలి, సర్వే జరగాలి. కానీ పది ఇళ్లలో దొరికిన పది ఫొటోల్లో అదే తూము కనిపిస్తే, కొలవడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇదంతా జరగాలంటే అది ఏ చెరువో, ఏ సంవత్సరమో తెలియాలి. మన దగ్గర జారిపోతున్నది ఇక్కడే. ఇంట్లో పెద్దమ్మకు ఫొటో చేతికిచ్చి అడిగితే, “గామె మా చిన్న ఆడిబిడ్డ. గప్పటికింక ఆమెకు లగ్గం కాలే. ఎన్క కనవడేది మత్తడి, ఇప్పుడాడ ఫంక్షన్ హాలైంది” అంటుంది. మత్తడి అంటే చెరువు అలుగు. ఆ రెండు ముక్కల్లో చోటు దొరికింది, ఇంచుమించుగా కాలమూ దొరికింది. ఆ మాట రాసుకోకుండా ఫొటోను మాత్రం స్కాన్ చేసి పెట్టుకుంటే పాతికేళ్ల తర్వాత మిగిలేది ఎవరో ఆడవాళ్లు, ఏదో చెరువు. పాత ఫొటోలనగానే అందరూ డిజిటైజ్ చేద్దామంటారు. స్కానింగ్ అన్నిటికంటే తేలిక పని, అది ఎప్పుడైనా చేసుకోవచ్చు. చెప్పేవాళ్లు ఉండగానే అడగడం అట్లా వాయిదా వేసుకునే పని కాదు. ఆ స్కాన్ చేసేవాళ్లు కూడా ముందువైపు మాత్రమే చేస్తారు. స్టూడియో రబ్బరు స్టాంపు, పెన్సిల్‌తో రాసిన తారీఖు ఉండేది వెనకవైపు.

పెద్దవాళ్లు లేనిచోట ఫొటోలోనే ఆధారాలు వెతుక్కోవాలి. గ్రూప్ ఫొటోలో ముందు కూర్చున్న పిల్లవాడి చేతిలోని పలక, గోడమీద సినిమా పోస్టర్, దుకాణం బోర్డుమీద ఫోన్ నంబరుకు ఎన్ని అంకెలున్నాయో, బండి ప్లేటు మీద ఏపీ ఉందో, 2014 తర్వాతి టీఎస్ ఉందో, 2024 నుంచి వచ్చిన టీజీ ఉందో. వీటితో సంవత్సరం దొరకవచ్చు. మనుషుల పేర్లు దొరకవు.

ఏది ముందు పాడవుతుందన్న సంగతి కూడా మనం తలకిందులుగా అనుకుంటాం. 1960ల నాటి బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో బొమ్మ వెండితో ఏర్పడింది. బాగా కడిగిన ప్రింటైతే ఇంకా చాలాకాలం ఉంటుంది. 1980ల కలర్ ప్రింట్లు చూడండి, చాలావరకు ఎర్రబారిపోయాయి. ప్లాస్టిక్ పొర లేపి అతికించే జిగురు ఆల్బమ్‌లు మరీ ఘోరం, ఫొటో ఊడి రాదు. పీకకండి, పేజీతో సహా ఫొటో తీసుకోండి. స్టూడియోలు మూతపడ్డప్పుడు నెగెటివ్‌లు వెండి కోసం కిలోల లెక్కన పాత సామాన్లవాళ్లకు పోయాయి. వాటితోపాటు పేరు, తారీఖు రాసిన కవర్లూ పోయాయి. బజారు స్టూడియోలో ఇరవై ముప్పై ఏళ్ల కవర్లంటే ఊళ్లో ఎవరి పెళ్లి ఎప్పుడైందో, దుబాయ్ పోవడానికి ఎవరు పాస్‌పోర్టు ఫొటో దిగారో చెప్పే చిట్టా.

ఇప్పుడు కొత్తగా పాత ఫొటోలకు రంగులద్ది, ముఖాలు స్పష్టం చేసే యాప్‌లు వచ్చాయి. అవి మసక ముఖాన్ని బాగుచేయవు, దాని స్థానంలో ఇంకో ముఖం గీస్తాయి. చీర రంగు కూడా వాటి ఊహే. ఇంట్లో ముచ్చటకైతే సరే, రికార్డులోకి మాత్రం రానివ్వకూడదు.

వీటన్నిటికంటే చిక్కైన సంగతి ఒకటుంది. ఫొటోలు ఉన్నది ఎవరి ఇళ్లలో? అప్పట్లో స్టూడియోకు పోయి డబ్బులిచ్చి ఫొటో దిగగలిగినవాళ్ల ఇళ్లలో. ఊరి చివరి వాడల్లో చాలా ఇళ్లకు రేషన్ కార్డు మీది కుటుంబ ఫొటోయే మొత్తం ఆల్బమ్. తెచ్చి ఇచ్చినవాటినే పోగుచేస్తే షావుకార్ల చరిత్ర తయారవుతుంది, దానికే ఊరి చరిత్ర అని పేరు పెట్టుకుంటాం. అట్లాగని ఆ వాడలవాళ్లు ఫొటోల్లో అసలు లేరని కాదు. పెళ్లి ఊరేగింపు ఫొటో అంచుల్లో చూడండి. డప్పు కొడుతున్నవాళ్లు, నెత్తిన పెట్రోమాక్స్ లైట్లు మోస్తున్నవాళ్లు ఉంటారు. పెళ్లికొడుకు మేనమామ ఎవరో అడిగేవాళ్లు ఆ లైటు మోసినామె ఎవరో అడగరు. అడిగితే ఆ కుటుంబం రెండు వీధుల అవతల ఇప్పటికీ ఉండవచ్చు.

ఈ పనికి కొత్త సంస్థ అక్కర్లేదని నా అభిప్రాయం. ఆస్తిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఈ పాత మున్సిపాలిటీల్లో ఉన్న శాఖా గ్రంథాలయాల్లో ఇవాళ పోటీ పరీక్షల పిల్లలే ఎక్కువ. వాళ్ల జోలికి పోకుండా ఒక మూల ఒక బల్ల, స్కానర్, రిజిస్టర్ పెట్టి, వారానికి ఒక పూట కేటాయిస్తే చాలు. ఫొటోలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఈ సంగతి ఎవరు చెప్పారు అని రిజిస్టర్లో రాసుకోవాలి. అసలు ఫొటో అదే పూట ఇంటికి పోవాలి. ఇస్తే తిరిగి రాదన్న భయం జనానికి ఊరికే రాలేదు.

రిజిస్టర్లో ఆఖరి గడి అనుమతి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం చెబుతోంది. కాబట్టి స్టూడియో మూతపడినా చాలా కుటుంబ ఫొటోలకు ఆ ఇంటివాళ్లనే అడగవచ్చు. హక్కు ఒకరిది, ఫొటోలోని ముఖం ఇంకొకరిది కూడా కావచ్చు. మా అత్తమ్మ ఫొటో నలుగురి ఫోన్లలోకి పోవద్దని కోడలు అంటే ఆ మాటే చెల్లాలి. అలాంటివి రిజిస్టర్లో ఎక్కించి, గ్రంథాలయానికి వచ్చినవాళ్లకు అక్కడే చూపించి ఊరుకోవాలి.