సూకీకి దొరికిన ఆ నిశ్శబ్దం ఏమైపోయింది?

పదమూడో పుస్తకం పూర్తి చేసి వారం దాటింది, మనసు ఇంకా కుదుటపడలేదు. షార్లెయిన్ హ్యారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ అనే వాంపైర్ నవలల సిరీస్ గురించే. 2001లో మొదలై 2013లో 'డెడ్ ఎవర్ ఆఫ్టర్'తో అయిపోయింది. నేను చాలా ఆలస్యంగా, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన మొదటి భాగంతో మొదలుపెట్టాను. చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ముగింపు మొత్తం చెప్పేస్తున్నాను.

కథానాయిక సూకీ చివరికి వాంపైర్ ఎరిక్‌ని కాదని, తను పనిచేసే బార్ యజమాని శామ్ దగ్గరికి చేరిందని చాలామందికి కోపం. నాకు ఆ కోపం లేదు. ఆ పిల్లకి ఎండంటే ప్రాణం. వీలు దొరికితే చాలు, పెరట్లో కుర్చీ వేసుకుని ఎండలో పడుకుంటుంది. పగలు బయటికి రాలేని వాంపైర్‌గా మారే ఉద్దేశం తనకి ఏనాడూ లేదు. పగలు తోడుండే మనిషిని కోరుకోవడంలో తప్పేముంది?

నా బాధ వేరు. మొదటి పుస్తకం గుర్తు చేసుకోండి. లూసియానాలో బాన్ టాంప్స్ అనే చిన్న ఊరు, అక్కడొక బార్, అందులో పాతికేళ్ళ వెయిట్రెస్. ఎదుటివాళ్ళ మనసులో మాట వద్దన్నా వినబడుతుంది. పక్కన కూర్చున్నవాడు తన ఒంటి గురించి ఏమనుకుంటున్నాడో తెలిసిపోతుంటే ఇంకెక్కడి ప్రేమ! అలాంటి పిల్ల పనిచేసే చోటికి ఒక రాత్రి బిల్ వస్తాడు, వాంపైర్. అతని మనసు వినబోతుంది. ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి పక్కన నిశ్శబ్దం. ఆ పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను పదిమంది ఉన్న ఉమ్మడి ఇంట్లో పెరిగాను. అందరూ నిద్రపోయాక వంటింటి గడప మీద ఒక్కదాన్నే కూర్చునే ఆ పది నిమిషాల విలువ నాకు తెలుసు.

మరి శామ్ అలా కాదు. రూపం మార్చుకోగలిగినవాడు, అతని ఆలోచనలు మసకమసకగానైనా సూకీకి అందుతాయి. తర్వాతి భాగాల్లో అడ్డు పెట్టుకోవడం కొంత నేర్చుకుంది, నిజమే. అయినా నిశ్శబ్దం కోసం ప్రేమించిన పిల్ల, ఇప్పుడు మనసు వినబడే మనిషితో కాపురానికి సిద్ధపడుతోందంటే ఎంత పెద్ద మార్పు! అతని భయం, విసుగు, జాలి కూడా వినబడతాయే, వాటితో ఎలా బతుకుతుంది? సిరీస్ మొత్తం పుట్టిందే ఆ ప్రశ్నలోంచి. చివరి పుస్తకం మాత్రం సూకీ ఒకప్పటి స్నేహితురాలు ఆర్లీన్ హత్య కేసు చుట్టూ, ఎప్పటివో పాత శత్రువుల చుట్టూ తిరుగుతుంది.

ఎరిక్‌కి జరిగింది ఇంకా అన్యాయం. నాలుగో పుస్తకంలో జ్ఞాపకం పోయి, చొక్కా లేకుండా, చెప్పుల్లేకుండా చలిరాత్రి రోడ్డు మీద పరిగెడుతున్న ఎరిక్‌ని సూకీ కారాపి ఇంటికి తీసుకెళ్తుంది. అంత గొప్పగా రాసిన బంధం అది! వెయ్యేళ్ళు బతికిన వైకింగ్‌ని, అతన్ని వాంపైర్‌గా చేసినవాడు చావడానికి ముందు కుదిర్చిన ఒప్పందం పేరు చెప్పి ఓక్లహామా వాంపైర్ల రాణికి భర్తగా అప్పజెప్పేశారు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిన ఉద్యోగిలా వెళ్ళిపోయాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మనసారా మాట్లాడుకునే ఒక్క సీన్ ఇచ్చి ఉంటే, విడిపోయినా ఒప్పుకునేదాన్ని.

అసలు ముగింపు పన్నెండో పుస్తకం చివరే వచ్చేసిందని నా నమ్మకం. ఒక్కసారే పనిచేసే మహిమగల వస్తువు సూకీ చేతిలో ఉంటుంది. ఆ ఒప్పందం నుంచి తనని బయటపడేయడానికి దాన్ని వాడుతుందని ఎరిక్ ఆశ. శామ్ చచ్చి కింద పడి ఉంటాడు. సూకీ దాన్ని శామ్ కోసం వాడేస్తుంది. గుండె ఆగినంత పనైంది నాకు. ఎందుకలా చేశానని తనని తాను నిలదీసుకోవడమే పదమూడో పుస్తకం నిండా ఉండాల్సింది.

చివరి భాగం వచ్చిన 2013లోనే 'ఆఫ్టర్ డెడ్' అని ఒక చిన్న పుస్తకం వచ్చింది. పాత్రల పేర్లు అక్షర క్రమంలో, ఎవరేమయ్యారో తలా కాసిని వాక్యాల్లో. సూకీ, శామ్ పెళ్ళి చేసుకున్నారని, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు అని అందులో తెలిసింది. పన్నెండేళ్ళ కథ అలా తెలియాలా?

ముగింపు నచ్చలేదని కొందరు రచయిత్రిని తిట్టారు, బెదిరించారు కూడా. అది ముమ్మాటికీ తప్పు. ఆవిడ కథ ఆవిడ ఇష్టం. మొదటి భాగంలో ఆ పేజీ రాసిన చేతికి నేనెప్పుడూ రుణపడే ఉంటాను. అందుకే ఇంకా అడుగుతున్నాను. లైట్లు ఆర్పేశాక, పక్కన శామ్ నిద్రపోయే ముందు, సూకీకి ఏం వినబడింది?