సంక్రాంతి ధాన్యరాశిలో కౌలు రైతు వాటా

విదేశాల్లో మన తెలుగు సంఘాలు జరిపే సంక్రాంతిలో ముగ్గుల పోటీలకు, భోగిపళ్లకు, అరిసెలకు లోటుండదు. సెలవు చూసుకుని ఏ శనివారమో జరుపుకొంటున్నామని ఎవరైనా ఆక్షేపిస్తే ఆ మాట పట్టించుకోనక్కరలేదు. అయితే గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో ఇది పంట ఇంటికి చేరినందుకే కాక, అందులో ఎవరి వాటా వారికి ముట్టినందుకు కూడా చేసుకొన్న పండుగ. ఈ రెండో సంగతి మన వేదికల మీదికి రావడం లేదు.

యంత్రాలు రాకముందు కోసిన వరిని పనలు కట్టి, కుప్ప వేసి, కళ్లంలో పశువులతో తొక్కించి, గాలివాటు చూసి తూర్పారబట్టి రాశి పోసేవారు. ఆ ధాన్యం గాదెకు చేరకముందే నాగలి చేసిన వడ్రంగికి, కొడవళ్లకు కక్కు పెట్టిన కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి మేర, అంటే వారి వాటా ధాన్యం, కొలిచేవారు. అది దానం కాదు, ఏడాది పొడవునా చేసిన పనికి ప్రతిఫలం. ఆ ఏర్పాటులో కుల తారతమ్యం లేదనీ, కొలిచే చేతికి వాటం లేదనీ నేను అనను. కానీ పంటంతా తానొక్కడే పండించానని ఆసామి చెప్పుకోవడానికి కళ్లంలో వీలుండేది కాదు. హరిదాసు పాత్రలో పోసే బియ్యం, పిచ్చుకల కోసం చూరుకు కట్టే కంకుల కుచ్చు, కనుమనాడు 'పొలో పొలి' అంటూ చేలో చల్లే పొంగలి, అన్నీ ఆ వరుసలోనివే.

కోత యంత్రం వచ్చాక కళ్లమూ పోయింది, మేరా పోయింది. వాటిని మళ్లీ తెమ్మనడం లేదు. ఇప్పుడు సేద్యం భారమంతా కౌలు రైతు మీద పడింది. తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో ఎన్నో పొలాల యజమానులు విజయవాడలోనో, హైదరాబాదులోనో, మనలాగా సముద్రాల అవతలో ఉంటున్నారు. మక్తా, అంటే యజమానికి ఇవ్వాల్సిన కౌలు, ఎకరానికి ఇన్ని 75 కిలోల బస్తాలని ముందే మాట్లాడుకుంటారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, కోతకొచ్చిన వరిని నీట ముంచినప్పుడు పెట్టుబడి పోగొట్టుకున్నవాడు కౌలుదారు. పొలం కాగితం మాత్రం మరొకరి పేరున ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం, యజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు గుర్తింపు కార్డు వస్తుంది. బ్యాంకు రుణానికి, పంటల బీమాకు, నష్టపరిహారానికి అది ఆధారం. యజమాని హక్కుకు దాని వల్ల ముప్పు లేదని చట్టమే చెబుతోంది. అయినా "సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనండీ" అన్న మాట మన సభల్లో, లక్షల జీతాలు తెచ్చుకునేవారి నోట కూడా వింటూనే ఉన్నాను. తాతల నాటి భూసంస్కరణల భయం ఇంకా వదల్లేదు కాబోలు!

ఈ ఏడు సంక్రాంతి సభలో భూమి చట్టాలు తెలిసిన న్యాయవాదిని పిలిచి, ఒక గంట ఈ సంగతి వివరంగా చెప్పించాలి. పొలం ఉన్నవారు తమ కౌలుదారుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. తుపాను కొట్టిన ఏడాది మక్తాలో ఎంత తగ్గించాలో నారుమళ్లు పోయకముందే మాట్లాడుకొని, అందులోనే రాసుకోవాలి.