పదకొండు దాటిన హైదరాబాద్

హైదరాబాద్ రాత్రి జీవితం అనగానే జూబ్లీహిల్స్ పబ్బులు, వారాంతపు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు వార్తలకెక్కుతాయి. కానీ చీకటి పడ్డాక ఈ నగరంలో మేలుకుని ఉండేవారిలో ఆ జనం పిడికెడు. రంజాన్ నెలలో రాత్రిపూట చేసే తరావీ నమాజు ముగిశాక చార్మినార్ దగ్గరి లాడ్‌బజార్, పత్తర్‌గట్టీ దారుల్లో, ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీ వేళ దాకా గాజులు, బట్టలు, అత్తర్ల బేరాలు సాగుతూనే ఉంటాయి. కుటుంబాలు చంటిపిల్లలతో సహా హలీం బట్టీల చుట్టూ చేరతాయి. మిగతా నెలల్లోనూ నాంపల్లి వైపు తెల్లవారుజామున దోసెలు పోసే బండ్ల దగ్గర షిఫ్టు దిగిన ఐటీ ఉద్యోగి, ఆటో డ్రైవరు పక్కపక్కనే నిలబడి తింటారు. గుడిమల్కాపూర్‌కు పూలు చేరేదీ ఊరు నిద్రపోయే వేళలోనే.

మద్యంతో పెద్దగా పని లేని ఈ రాత్రే హైదరాబాద్ అసలు రాత్రి అని మా అభిప్రాయం. ప్రభుత్వాలు మాత్రం దాన్ని శాంతిభద్రతల సమస్యగానే చూస్తూ వచ్చాయి. ఏడాదికి 10,000 రూపాయల రుసుము కట్టి, షరతులు పాటించే దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉండవచ్చని 2023 ఏప్రిల్‌లో ఉత్తర్వులిచ్చారు. 2024 జూన్‌కల్లా పోలీసు వాహనాల మైకులు పదకొండు కాకముందే షట్టర్లు దించమని హెచ్చరించాయి. ఆగ్రహం వ్యక్తమయ్యాక, ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో మద్యం దుకాణాలు మినహా మిగతావి ఒంటిగంట దాకా నడుపుకోవచ్చని ప్రకటించారు. ఇన్ని మాటలు మారినా రోడ్డు పక్క చాయ్ బండివాడి బతుకు బీటు కానిస్టేబుల్ దయాదాక్షిణ్యాల మీదే ఉంది. వీధి వ్యాపారులకు రక్షణ కల్పించేందుకు పార్లమెంటు 2014లోనే చట్టం చేసిందన్న సంగతి లాఠీ పట్టినవారికి గుర్తుండదు.

నిద్ర చెడుతోందన్న కాలనీవాసుల ఫిర్యాదును మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ లౌడ్‌స్పీకర్లను నిషేధించే నిబంధనలు 2000 నుంచే అమల్లో ఉన్నాయి. మోత పెట్టేవారిపై వాటిని ప్రయోగించకుండా, చప్పుడు చేయని ఇడ్లీ బండిని తరిమితే ఎవరికి నిద్ర పడుతుంది?

ఇంతకంటే పెద్ద లోపం రవాణాలో ఉంది. దుకాణాలకు ఒంటిగంట దాకా అనుమతి ఇచ్చిన నగరంలో మెట్రో అర్ధరాత్రికి ముందే ఆగిపోతుంది. అదీ 2020లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా వచ్చి నిలిచిపోయి, రాత్రంతా మేలుకునే పాతబస్తీలోకి అడుగే పెట్టలేదు. ఆర్టీసీ కొన్ని మార్గాల్లో తిప్పే రాత్రి బస్సులు ఇంత ఊరికి ఏమూలకూ చాలవు. మహిళలకు 2023 డిసెంబరు నుంచి బస్సు ప్రయాణం ఉచితమే, కానీ బస్సే లేని వేళ ఆ సౌకర్యం ఎవరికి? హోటల్లో గిన్నెలు కడిగి బయటపడే మహిళ ఆ పూట కూలిలో కొంత ఆటోకు పోయాల్సిందే. 2019 నవంబరులో శంషాబాద్ సమీపంలో పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత, ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది దాటాక విధులు వేయవద్దని నాటి ముఖ్యమంత్రి ఆదేశించారు. మహిళలను త్వరగా ఇంటికి పంపేయడమే భద్రత అనుకునే ఆ ధోరణి వల్ల రోడ్లు మరింత నిర్మానుష్యమయ్యాయే తప్ప ప్రమాదం తగ్గలేదు.

సియోల్ నగరంలో 1945లో మొదలైన రాత్రి కర్ఫ్యూ 1982 జనవరి దాకా కొనసాగింది. అంతటి కట్టడి చవిచూసిన నగరమే 2013లో అర్ధరాత్రి బస్సులు ప్రారంభించింది. జనం రాత్రివేళ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో మొబైల్ కాల్స్ సమాచారంతో తెలుసుకుని మరీ ఆ బస్సుల మార్గాలను ఖరారు చేసింది. సమాచార సాంకేతికతకు రాజధానినని చెప్పుకునే హైదరాబాద్‌కు అది కొరుకుడుపడని విద్యేమీ కాదు.

ఆర్టీసీ ముందుగా సికింద్రాబాద్ స్టేషన్, చార్మినార్, మెహిదీపట్నం, గచ్చిబౌలిలను కలుపుతూ తెల్లవార్లూ అరగంటకో బస్సు నడపాలి. ఆ దారిలోని మరుగుదొడ్లను జీహెచ్ఎంసీ రాత్రిపూట తాళం వేయకుండా ఉంచాలి. మూతవేత వేళలపై పోలీసులు నోటిమాట ఆదేశాలు మాని, మూసీ నదికి రెండు వైపులా, అంటే పాతబస్తీకీ కొత్త నగరానికీ ఒకేలా వర్తించే లిఖిత ఉత్తర్వును వచ్చే రంజాన్‌లోగా వెలువరించాలి.