టీకా వేసిన పిల్లేనా అని అడిగితే సరిపోదు

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు సంతలకు వెళ్లేవాళ్లకి ఈ బేరం తెలిసే ఉంటుంది. బైకు వెనక కన్నాలు పొడిచిన అట్టపెట్టెలు కట్టుకుని ఒకతను వస్తాడు. పెట్టెల్లో కోడిపిల్లలు. చుట్టూ ఆడవాళ్లు మూగుతారు. కొందరు ఒడియాలో, కొందరు తెలుగులో, కొండ మీద సవర ఊళ్ల నుంచి దిగినవాళ్లు రెండూ కలిపి బేరం చేస్తారు. ధర తెగాక అందరూ అడిగే చివరి మాట ఒకటే: "టీకా వేసినవేనా?"

"అన్నీ ఏసేసినాం అమ్మా." అంతే, పిల్లలు గంపలోకి దిగుతాయి.

ఆ పిల్లల వయసు ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. అంత పసిపిల్లకు అన్ని టీకాలూ వేసేయడం ఎవరి వల్లా కాదు. మొదటి రోజున హేచరీలో, అంటే గుడ్లు పొదిగించే చోట, మామూలుగా వేసేది మారెక్స్ అనే గడ్డల రోగానికి టీకా, అదీ మెడ వెనక చర్మం కింద. కొక్కెర తెగులుకు లాసోటా అనే టీకా చుక్క 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో పడాలి. గంబోరో అనే మరో రోగానికి రెండో వారం. నాలుగో వారంలో లాసోటా మళ్లీ. మశూచి టీకా, కొక్కెరకే వేసే ఆర్2బి ఇంజెక్షన్ ఆరు వారాలు దాటాకే. ఆర్2బి ఘాటైన టీకా, తొందరపడి చిన్న పిల్లలకు వేస్తే ఆ టీకాయే చంపేస్తుంది. కాబట్టి "అన్నీ ఏసేసినాం" అన్నవాడు అబద్ధమైనా చెబుతూ ఉండాలి, లేదా తనకు పిల్లలు అమ్మినవాడు చెప్పిందే మనకు చెబుతూ ఉండాలి. నా అనుభవంలో రెండో రకమే ఎక్కువ.

మూడేళ్ల కిందట నేనూ ఇలాగే 50 పిల్లల్ని తెచ్చాను. పెరట్లో ఊక పరిచి, రేకు చుట్టి, బల్బు వేలాడదీసి, అంతా పుస్తకంలో చెప్పినట్టే చేశాను. నాలుగో రోజు నుంచి తెల్లగా సున్నంలా పారుకోవడం మొదలైంది. ముడ్డి దగ్గర నూగు అట్టకట్టేది. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కిచకిచమనేవి. పదో రోజుకి 19 మిగిలాయి. పిల్ల 30 రూపాయల చొప్పున కొన్నాననుకున్నాను కానీ మిగిలినవాటికి లెక్కేస్తే ఒక్కోటి 79 పడింది. తరువాతి సంతలో ఆ మనిషిని పట్టుకుని, టీకా వేయకుండా వేశామని చెప్పావని నలుగురిలో దెబ్బలాడాను.

ఆ గొడవలో నేనే తప్పు. మోసం లేదని కాదు, నేను పట్టుకున్న కారణం తప్పు. ఆ పిల్లలకు ఉన్న టీకాలన్నీ వేసినా బతికేవి కావని పశువుల ఆసుపత్రిలో ఎల్.ఐ. (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) గారు చెప్పారు. ఆ రోగం బహుశా తల్లికోడి నుంచి గుడ్డులోనే వచ్చి ఉంటుంది, కాకపోతే పిల్లలు పొదిగిన ట్రేల మురికి నుంచి. అప్పటి నుంచీ నా నమ్మకం ఒకటే. "టీకా కావాలా వద్దా" అని అన్ని రోగాలనూ ఒకే ముద్దగా చేసి వాదించుకోవడం వల్లే మనం పిల్లల్నీ డబ్బునీ పోగొట్టుకుంటున్నాం. ఇందులో ఏ రోగం లెక్క దానిదే.

ముందు కొక్కెర తెగులు. పుస్తకాల్లో దీన్ని రాణిఖెత్ అంటారు. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖెత్‌లో మన దేశంలో మొదటిసారి గుర్తించడంతో ఆ పేరు వచ్చింది. దానికి ఆర్2బి టీకా తయారైంది కూడా ఆ కొండల్లోనే, ముక్తేశ్వర్‌లో, 1940ల్లో. రోగానికి పేరు వచ్చిన చోటూ టీకా తయారైన చోటూ ఆ కొండలే కావడం నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది. మెడ మెలిక పడి, ఆకుపచ్చగా పారుకుని, నోరు తెరిచి గురకపెడుతూ కోళ్లు పోవడం చూడని ఇల్లు మా వైపు లేదు. టీకా లేని ఊళ్లో ఘాటైన రకం వైరస్ దిగితే నూటికి నూరూ పోవచ్చు. వచ్చాక దీనికి మందు లేదు. వెల్లుల్లి, పసుపు, ఉల్లిపాయ మా అమ్మా పెట్టేది, నేనూ పెట్టాను. కోడికి అవి చెడుపు చేయవు, అంతవరకే.

అయినా "నాటుకోడికి టీకా ఎందుకు, దాని ఒంట్లోనే బలం ఉంది" అనే మాట మా ఊళ్లలో గట్టిగానే వినిపిస్తుంది. ఈ మాటను ఎగతాళి చేసి వదిలేయకూడదు, ఎందుకంటే అది కంటితో చూసినదాని నుంచే పుట్టింది. తెగులు పోయాక ఊళ్లో నాలుగు పెట్టలు మిగులుతాయి. అవి గుడ్లు పెడతాయి, పిల్లల్ని లేపుతాయి, మళ్లీ పెరడు నిండుతుంది. మిగిలిన నాలుగూ కళ్ల ముందు తిరుగుతుంటాయి కాబట్టి పోయిన నలభై లెక్కలోకి రావు. పైగా బతికినదాని బలం పిల్లలకు వచ్చినా అది కొద్దిరోజుల ముచ్చటే. తల్లి రక్తంలోని రక్షణ గుడ్డు పచ్చసొన ద్వారా పిల్లకు చేరి, రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. ఆ తరువాత ఆ పిల్ల ఊరి గాలికి ఒంటరిదే. మొదటి చుక్కకు వారం దాకా ఆగడానికీ, నాలుగో వారంలో మళ్లీ వేయడానికీ కారణం కూడా ఇదే. తల్లి ఇచ్చిన రక్షణ నిండుగా ఉన్నప్పుడు వేస్తే అది టీకానే తినేస్తుంది. కొక్కెర తెగులు విషయంలో నాకు రెండో మాట లేదు, చుక్క వేయాల్సిందే. అయితే అది హేచరీవాడు వేసేది కాదు, తెచ్చుకున్నవాళ్లు ఇంట్లో వేసుకునేది. సంతలో మనం అడిగే ప్రశ్న ఇక్కడే దారి తప్పుతోంది.

మారెక్స్ సంగతి వేరు. ఇక్కడ వాదనకు నిజంగానే చోటుంది. ఈ వైరస్ కోడి ఈకల మొదళ్లలో పెరిగి, రాలే దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది. పిల్ల మొదటి రోజుల్లో ఆ దుమ్ము పీలిస్తే, మూడు నాలుగు నెలల వయసులో ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కీ చాచి పడిపోతుంది. లోపల గడ్డలు పెరుగుతాయి. టీకా ఈ గడ్డల్ని బాగా ఆపుతుంది, కానీ వైరస్ ఒంట్లోకి రావడాన్నీ దుమ్ములో బయటికి పోవడాన్నీ ఆపదు. 2015లో శాస్త్రవేత్త ఆండ్రూ రీడ్ బృందం ప్లోస్ బయాలజీ పత్రికలో అచ్చువేసిన ప్రయోగం దీన్నే చూపించింది. చాలా ఘాటైన రకాలు సోకితే టీకా లేని కోడి త్వరగా చచ్చిపోతుంది, ఎక్కువ కోళ్లకు అంటించే వ్యవధి దానికి ఉండదు. టీకా ఉన్నది బతికి, వారాల తరబడి ఆ ఘాటు రకాన్నే విరజిమ్ముతుంది.

దీన్ని పట్టుకుని "చూశారా, టీకాయే రోగం పెంచుతోంది" అనేవాళ్లున్నారు. ఆ ప్రయోగం చెప్పింది అది కాదు. టీకా వేసిన కోడికి టీకా మేలే చేసింది. ప్రమాదం దాని పక్కన టీకా లేకుండా తిరిగేవాటికి. మన పెరట్లకు దీన్ని అన్వయిస్తే తేలేది చాలా మామూలు విషయం. పెద్ద హేచరీ నుంచి టీకా వేసి వచ్చిన రంగు ఈకల జాతి పిల్లల్ని తెచ్చి, టీకా ఎరగని నాటు పెట్ట కింది పిల్లలతో కలిపేయకూడదు. మేం చేసేది సరిగ్గా అదే. ఒకే గంప, ఒకే పళ్లెం. రెండు నెలలకే అమ్ముకునేవాళ్లకి మారెక్స్ పెద్ద లెక్క కాకపోవచ్చు. గుడ్ల కోసం, పుంజుల కోసం ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్లకి మాత్రం లెక్కే. బర్డ్‌ఫ్లూకి టీకా ఎందుకు వేయరని అడిగేవాళ్లకీ జవాబు కొంతవరకు ఇలాంటిదే: కోడి నిలబడే ఉండి, వైరస్ లోపల దాగి తిరిగితే పట్టుకోవడం కష్టం. మన దేశం ఇంతవరకు ఆ రోగానికి కోళ్లను చంపి పూడ్చే దారిలోనే ఉంది. ఫ్రాన్స్ 2023లో బాతులకు టీకాలు మొదలుపెట్టింది. అది వేరే వ్యాసం.

ఇక నా 31 పిల్లల్ని తీసుకుపోయిన తెల్లపారుడు. ఎల్.ఐ. గారు అనుమానించింది పుల్లోరం అనే రోగాన్ని. తల్లికోడి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, గుడ్లూ పెడుతుంది. రోగం మాత్రం ఆ గుడ్డులోంచే పిల్లకు వస్తుంది. ఒకే ఇంక్యుబేటర్‌లో అలాంటి గుడ్లు పది ఉన్నా, పిల్లలు పగిలి వచ్చేటప్పుడు ఎగిరే నూగుతో మిగతావాటికీ అంటుకుంటుంది. ఇక్కడ టీకా చర్చకే చోటు లేదు. అమెరికాలో 1935లో దేశవ్యాప్త పథకం పెట్టి, పేరెంట్ కోళ్ల, అంటే పొదిగే గుడ్లు పెట్టే తల్లిదండ్రి కోళ్ల రక్తం పరీక్షించి, రోగం ఉన్నవాటిని ఏరేస్తూ పోయారు. పెద్ద ఫారాల నుంచి ఈ రోగం అలాగే పోయింది. పరీక్ష కూడా బ్రహ్మవిద్య కాదు. తెల్ల పలక మీద ఒక చుక్క రక్తం, ఒక చుక్క రంగు పరీక్ష ద్రవం (యాంటిజెన్) కలిపి కదిపితే, రోగమున్న కోడి రక్తం రెండు నిమిషాల్లో ముక్కలు ముక్కలుగా విరుగుతుంది. పదో వందో పేరెంట్స్ ఉన్న చిన్న హేచరీకి ఇది ఒక పూట పని. కానీ ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చేయరు.

చిన్న హేచరీల మీద నాకు కోపం లేదు, సానుభూతే ఉంది. మా వైపు ఉన్నవి చాలావరకు ఇంటి వెనక గదిలో నడిచేవి. వంశధార ఒడ్డున ఒకాయన వారానికి ఒక ట్రే చొప్పున పెడతాడు. 37.5 డిగ్రీలు, 21 రోజులు, చివరి మూడు రోజులు వేరే పెట్టెలో. కరెంటు పోతే రాత్రంతా దుప్పట్లు కప్పి కూర్చుంటాడు. అలాంటివాడిని మారెక్స్ టీకా వేయమంటే ఎలా వేస్తాడు? ఒక రకం ద్రవ నైట్రోజన్‌లో ఉంచాల్సింది. ఫ్రిజ్‌లో ఉండే రకమైనా సీసా వెయ్యి డోసులది, కలిపిన గంటా రెండు గంటల్లో అయిపోవాలి. ఆయన దగ్గర వారానికి లేచేవి 150. మిగిలిన 850 డోసులు కాలవలో పోయాలి. ఆ ఖర్చు పిల్ల మీద వేస్తే సంతలో అమ్ముడుపోదు. పెద్ద కంపెనీకి వీలైన పని ఇతనికి ఎందుకు వీలుకాదో ఈ ఒక్క సీసాలోనే ఉంది. జాతీయ పశుసంపద మిషన్ కింద హేచరీకీ, పిల్లల్ని కొన్ని వారాలు పెంచే మదర్ యూనిట్‌కీ సగం సబ్సిడీ, 25 లక్షల దాకా ఇస్తున్నారు. కనీసం వెయ్యి పేరెంట్ కోళ్లు ఉండాలన్నది షరతు. నలభై పెట్టలున్న మా మనిషికి అది ఆకాశంలో నిచ్చెన.

అయితే అతని దగ్గర పెద్ద కంపెనీ దగ్గర లేనిది ఒకటుంది. గోడ పక్కకు వెళితే పెట్టలూ పుంజులూ కనిపిస్తాయి. గుణుపురం దాకా బైకు మీద వచ్చే అట్టపెట్టె పిల్లలకు తల్లి ఎవరో అమ్మేవాడికే తెలియదు. అవి పాతపట్నం దాటి వచ్చాయో, బరంపురం నుంచి వచ్చాయో, మూడు చేతులు మారాయో కూడా చెప్పలేడు. రాష్ట్రం సరిహద్దు దాటిన పిల్లకు బిల్లు ఉండదు. చచ్చిపోతే ఏ వైపు ఆఫీసుకు వెళ్లాలో తెలియదు. ఒక్కోసారి పింకూ పచ్చా రంగులు పూసినవీ వస్తాయి. గుడ్ల కంపెనీలు ఏరి పారేసిన మగపిల్లలే అవి. పెట్టలు అవుతాయని కొనుక్కుంటారు పాపం.

అందుకే చిన్న హేచరీకి వెళితే నేను ముందు టీకా సంగతి అడగను. పేరెంట్స్‌ని చూస్తానంటాను. చూపించనంటే అక్కడితో ఆపేస్తాను. ట్రేలు ఎప్పుడు, దేనితో కడుగుతారో అడుగుతాను. పిల్లను చేతిలోకి తీసుకుని బొడ్డు చూస్తాను. ఆరి మూసుకుపోయి ఉండాలి, నల్లటి పొక్కూ తడీ ఉండకూడదు. వెల్లకిలా పడుకోబెడితే వెంటనే లేచి నిలబడాలి. పక్కన పెంకులోనే చచ్చిన గుడ్లు ఎన్ని మిగిలాయో చూపించమంటాను. అది వాళ్లకి నచ్చదు గానీ ఇంక్యుబేటర్ సంగతి అంతా అక్కడే ఉంటుంది. చివరగా, పేరెంట్స్‌కి కొక్కెర టీకా ఎప్పుడు వేశారో అడుగుతాను, ఎందుకంటే పిల్లకు మొదటి రెండు వారాల రక్షణ అక్కడి నుంచే రావాలి. ఇవన్నీ చూపించినవాడు పిల్లకు పది రూపాయలు ఎక్కువ అడిగితే బేరం ఆడను.

ఆ తరువాత బరువు మన మీదే. లాసోటా సీసా 100 డోసులది, ఇంట్లో ఉండేవి పాతిక పిల్లలు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో తేవాలి, కలిపాక గంటన్నర లోపల వేసేయాలి. ఎండలో జేబులో పెట్టుకుని తెచ్చిన టీకా నీళ్లతో సమానం. మా చుట్టుపక్కల "టీకా వేసినా చచ్చాయి" అనే కథల్లో ఎక్కువ ఇవే. వేడిని తట్టుకునే ఐ-2 అనే రకాన్ని పల్లె కోళ్ల కోసమే ఆస్ట్రేలియాలో తయారుచేశారు, కొన్ని ఆఫ్రికా దేశాల్లో వాడుతున్నారు. మాలాంటి కొండ ఊళ్లకు కావలసింది అలాంటిదే. అది చేతికి వచ్చేదాకా ఐస్ పెట్టె తప్పదు. ఊళ్లో పశువులకూ కోళ్లకూ టీకాలు వేసే ప్రాణిమిత్రలుగా శిక్షణ పొందిన ఆడవాళ్లు ఉన్న ఊళ్లో కాస్త నయం. లేని ఊళ్లో ఇళ్లు కలవాలి.

ఈసారి మా వీధిలో నాలుగు ఇళ్లవాళ్లం ఒకే రోజు పిల్లల్ని తెచ్చుకున్నాం, అన్నీ కలిపి 92. ఆరో రోజు పొద్దున్న ఎండ రాకముందే చుక్కలు వేశాం. పిల్లల్ని పట్టేది ఒకరు, చుక్క వేసేది ఒకరు, లెక్కపెట్టేది మా మనవరాలు. మిగిలిన మందును మరిగే నీళ్లలో పోసేశాం. 28వ రోజు చుక్కకు ఆసుపత్రి దాకా వెళ్లి ఐస్ పెట్టె ఎవరు తేవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఎదురింటివాళ్లు నా వైపు చూస్తున్నారు.