అలెగ్జాండ్రియా మీద ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

"ఈజిప్టు వెళ్తున్నారా? అలెగ్జాండ్రియాకి మాత్రం వెళ్లి డబ్బులు తగలేసుకోవద్దు" అని మొదలయ్యే మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత కాలనీ గ్రూపులో వచ్చింది. ఆ తర్వాత మా పెద్దమ్మ కొడుకు పంపాడు. నిన్న సాక్షాత్తూ మా మావయ్యే పంపి, కింద "నిజమేనా?" అని అడిగారు. ఆయన పోయిన వారమే కైరోకి టికెట్లు తీసుకున్నారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నేను ఆ ఊళ్లో మూడు రోజులు ఉండి వచ్చినవాణ్ణి.

మెసేజ్‌లో ఏడు పాయింట్లున్నాయి. లైట్‌హౌస్ ఎప్పుడో కూలింది, ఇప్పుడో కోట చూపించి పంపేస్తారు. పాంపే స్తంభం కింద ఉన్నది పాంపే సమాధి. భూగర్భ సమాధుల్లోకి పిల్లల్ని తీసుకెళ్తే అరిష్టం. శాకాహారులకి తిండి దొరకదు. సముద్రం కనబడదు. ఒక్క పూట చాలు. ఇవి ఆరు. ఏడోది లైబ్రరీ గురించి. నా కోపమంతా దాని మీదే, అందుకే దాన్ని చివరికి ఉంచాను.

తిండి గురించి రెండు ముక్కలు. పొద్దున్నే ప్రతి వీధిలో ఫూల్ అమ్ముతారు, గింజల్ని మెత్తగా ఉడికించి నూనె, నిమ్మరసం కలిపిన కూర. తామేయా మన మసాలా వడకి దగ్గరి చుట్టం. కొషరీలో అన్నం, మాకరోనీ, పప్పు, శనగలు, వేయించిన ఉల్లిపాయలు ఉంటాయి. మూడింటిలోనూ మాంసం ఉండదు. పైగా పేదవాళ్లు కూడా రోజూ తినేవే కాబట్టి చౌక. ఆకలితో చస్తారని రాసినవాడు ఆ ఊళ్లో రోడ్డు మీద నడిచి ఉండడు.

లైట్‌హౌస్ కూలిన మాట నిజమే. 1303లో, 1323లో వచ్చిన భూకంపాలు దాన్ని పడగొట్టాయి. 1326లో వెళ్లిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఒక పక్క శిథిలమైందని రాశాడు. 1349లో మళ్లీ వెళ్తే లోపలికి అడుగు పెట్టడానికే వీల్లేకపోయింది. అదే చోట 1477లో సుల్తాన్ కైత్‌బే కోట కట్టడం మొదలుపెట్టాడు. మరి ఆ రాళ్లన్నీ ఏమయ్యాయి? 1994లో ఫ్రెంచి పురావస్తు బృందం కోట పక్కన సముద్రంలోకి దిగితే వేల రాళ్లు, విగ్రహాలు, స్తంభాల ముక్కలు కనబడ్డాయి. అక్కడ దొరికిన టోలెమీ రాజు నిలువెత్తు విగ్రహం ఇప్పుడు కొత్త లైబ్రరీ ముందే నిలబడి ఉంది. కూలిపోయింది కాబట్టి చూడక్కర్లేదంటే హంపీకి ఎందుకు వెళ్తున్నాం?

పాంపే స్తంభం రోమన్ సేనాని పాంపేది కాదు. ఆయన్ని క్రీ.పూ. 48లో ఈజిప్టు తీరంలో దిగీ దిగగానే చంపేశారు. ఈ స్తంభం దాదాపు 350 ఏళ్ల తర్వాత రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ పేరున నిలబెట్టింది. ఆ సంగతి పీఠం మీద గ్రీకులో చెక్కి ఉంది. తలెత్తి చూస్తే దాదాపు 27 మీటర్ల ఎత్తు, అస్వాన్ ఎర్ర గ్రానైట్.

అరిష్టం మాట కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల పిల్లలు నష్టపోతారు. ఆ భూగర్భ సమాధుల పేరు కోమ్ ఎల్ షుకాఫా, అంటే పెంకుల దిబ్బ. పోయినవాళ్లని తలుచుకోవడానికి బంధువులు మట్టిపాత్రల్లో భోజనం తెచ్చుకుని, లోపలే కూర్చుని తిని, ఆ పాత్రల్ని అక్కడే పగలగొట్టి పోయేవాళ్లట. ఆ పెంకులతోనే దిబ్బకి ఆ పేరు వచ్చింది. వాళ్లు తిన్న గది ఇప్పటికీ ఉంది, మూడు పక్కలా రాతి అరుగులతో. గుండ్రటి బావి చుట్టూ మెట్లు దిగి వెళ్తే, నక్కతల దేవుడు అనుబిస్ రోమన్ సైనికుడి కవచం వేసుకుని గోడ మీద కనబడతాడు. ఒకే గోడ మీద ఈజిప్టు, గ్రీసు, రోము కలిసిపోయాయి. మా అమ్మాయి ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు. ఏటా పెద్దలకి తద్దినం పెట్టుకునే మనకి చనిపోయినవాళ్ల దగ్గర అన్నం తినడం అరిష్టమెలా అవుతుంది?

ఇక ఏడో పాయింటు. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు: "ప్రపంచంలోనే గొప్ప లైబ్రరీని 642లో ఖలీఫా ఉమర్ తగలబెట్టించాడు. ఆ పుస్తకాలతో 4,000 స్నానశాలల్లో ఆరు నెలలు నీళ్లు కాచారు. మన నలందకి జరిగిందే అక్కడా జరిగింది. ఇప్పుడున్నది సిమెంటు బిల్డింగ్."

ఈ కథ నేనూ నమ్మాను. ఇంట్లో చెప్పాను కూడా. వెళ్లే ముందు చదివితే తెలిసింది.

ముందు లెక్క చూద్దాం. పాత రచయితలు ఆ లైబ్రరీకి చెప్పిన సంఖ్యల్లో పెద్దది 7,00,000 చుట్టలు, అంటే పపైరస్ అనే జమ్ము కాగితం మీద రాసి చుట్టిన పుస్తకాలు. 4,000 స్నానశాలలు, 180 రోజులు అంటే 7,20,000. స్నానశాలకి రోజుకి ఒక్క పపైరస్ చుట్ట కూడా రాదు. దాంతో చెంబు నీళ్లయినా కాగుతాయా? ఫార్వర్డ్ బటన్ నొక్కినవాళ్లలో ఒక్కరైనా ఈ భాగహారం చేశారా?

తర్వాత సాక్ష్యం. అరబ్బులు ఆ ఊరు పట్టుకున్న ఆ శతాబ్దంలోనే నికియూ బిషప్ జాన్ అనే ఈజిప్టు క్రైస్తవుడు ఆ దండయాత్ర గురించి రాశాడు. అరబ్బుల మీద ఆయనకి ప్రేమేం లేదు, అయినా లైబ్రరీ తగలబడిన ఊసే లేదు. ఈ కథ మొదట కనబడేది సుమారు 1200 ప్రాంతంలో, అంటే 550 ఏళ్ల తర్వాత. వివరంగా రాసినవాడు 1248లో చనిపోయిన ఇబ్న్ అల్ కిఫ్తీ. ఆయన కథలో పుస్తకాలు కాపాడమని ఊరు పట్టుకున్న అరబ్బు సేనాని అమ్ర్‌ని బతిమాలే పండితుడు జాన్ ఫిలోపోనస్. ఆయన ఆరో శతాబ్దం మనిషి, అమ్ర్ వచ్చేనాటికి పోయి దశాబ్దాలైంది. 1902లోనే ఆల్‌ఫ్రెడ్ బట్లర్ అనే ఇంగ్లిష్ చరిత్రకారుడు ఇవన్నీ విప్పి చూపించాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా మన ఫోన్లలోకి మాత్రం ఇంకా రాలేదు.

మరి ఎవరు తగలబెట్టారు? ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పను. రోమన్ సేనాని సీజర్ పెట్టిన నిప్పు క్రీ.పూ. 48లో రేవు నుంచి పాకింది. 270లలో రోమన్ చక్రవర్తి ఔరేలియన్ యుద్ధంలో రాజభవనాల పేట నాశనమైంది. 391లో క్రైస్తవులు సెరాపియం అనే సెరాపిస్ దేవుడి గుడిని కూలగొట్టారు. పెద్ద లైబ్రరీకి అనుబంధంగా ఉన్న పుస్తకాలు ఒకప్పుడు ఆ గుడిలోనే ఉండేవి. ఇందాక చెప్పిన స్తంభం నిలబడింది ఆ గుడి ఆవరణలోనే, దాని కింద సొరంగాల్లోకి ఇప్పుడూ వెళ్లొచ్చు. వీటన్నిటికంటే పెద్ద శత్రువు సముద్రపు తేమ. తాళపత్రాల్లాగే పపైరస్‌ని కూడా పాడయ్యేలోపు మళ్లీ మళ్లీ తిరగరాయించాలి. రాయించే రాజు, ఇచ్చే జీతం ఆగిపోతే అగ్గిపుల్ల అక్కర్లేదు.

మెసేజ్ తగలబెట్టారంటున్న ఆ విద్యని తర్వాత నిలబెట్టినవాళ్లలో అరబ్బులూ ఉన్నారు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని నక్షత్రాల మీద టోలెమీ (ఇందాకటి రాజు కాదు, అదే పేరున్న పండితుడు) రాసిన గ్రంథాన్ని తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అనువదించుకున్నారు. దాన్ని ఈరోజుకీ పిలిచే అల్మజెస్ట్ అన్న పేరు అరబ్బీ నుంచి వచ్చిందే. అదే టోలెమీ భూగోళ గ్రంథంలో మైసోలియా అనే తీరం ఉంది, అది మన కృష్ణా తీరం. అందులోని కంటకొస్సిల మన ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. ఆ ఊరి పుస్తకాల గురించి బాధపడే హక్కు మనకీ ఉంది. కానీ ఆ బాధని పక్కింటివాళ్ల మీద ద్వేషంగా మార్చి గ్రూపుల్లో పంచడానికి కాదు. మా కాలనీ గ్రూపులో ఇద్దరు ముస్లింలున్నారు. ఆ మెసేజ్ కింద ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లూ అనలేదు. నేనూ అనలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది. నలందకి ఏం జరిగిందో దాని ఆధారాలతో వేరే మాట్లాడుకుందాం. దానికి ఈ కథ సాక్ష్యం కాదు.

"సిమెంటు బిల్డింగ్" 2002లో తెరిచారు. బయటి గోడ అస్వాన్ గ్రానైట్, దాని మీద ప్రపంచంలోని లిపుల అక్షరాలు చెక్కారు. లోపల మెట్లు మెట్లుగా దిగే చదువుల హాలు, దాంట్లో పరీక్షలకి చదువుకునే కాలేజీ పిల్లలు. పాత రాతప్రతులకి వేరే మ్యూజియం ఉంది.

సముద్రం కనబడదన్న పాయింటు మాత్రం ఒప్పుకుంటున్నాను. కార్నిష్ రోడ్డు వెడల్పు చేసి, ఒడ్డు పొడుగునా కెఫేలు, గోడలు కట్టేశారు. చాలా చోట్ల టేబుల్ కొనుక్కుంటేనే నీళ్లు కనబడతాయి. రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. సముద్రం కోసమే వెళ్లేవాళ్లకి ఆ మెసేజ్ చెప్పింది సబబే.

ఒక్క పూట మాత్రం చాలదు. కైరో నుంచి 220 కిలోమీటర్లు, రానూపోనూ ఆరు గంటలు రోడ్డు మీదే పోతాయి. మావయ్యా, మీరు రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. మొదటి పొద్దున్న పెంకుల దిబ్బ, అక్కణ్నుంచి నడిచి స్తంభం. రెండో రోజు అన్నిటికంటే ముందు కోమ్ ఎల్ దిక్కాకి వెళ్లండి. పాలరాతి మెట్ల రోమన్ థియేటర్ పక్కన పోలండ్ వాళ్లు తవ్వి తీసిన పాఠాల గదులు ఇరవై దాకా ఉన్నాయి. అవి ఐదో శతాబ్దం నుంచి ఏడో శతాబ్దం దాకా వాడినవి. గుడి కూలాక కూడా ఆ ఊళ్లో చదువు ఆగలేదు. ప్రతి గదిలో గోడల వెంట రాతి మెట్లు, వాటి మీద విద్యార్థులు, ఎదురుగా కాస్త ఎత్తులో పంతులుగారి పీట. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి కదా, కింది మెట్టు మీద కూర్చోబెట్టండి.